స్టూలుకి కట్టిన చెయ్యి

కత్తెర మళ్ళీ గీత దాటింది.

"కళ్ళున్నాయా లేవా?" దర్జీ కూతురి నెత్తిమీద ఒక్కటి మొట్టాడు. "ఇంత లావు సుద్దగీత కనబడటం లేదా?"

పిల్ల ఏడుపు దిగమింగుకుని, కుడిచేత్తో కత్తెర సరిచేసుకుంది. పాత దుప్పటి ముక్క అంచు ఎలుకలు కొరికినట్టు తయారైంది. పిల్ల ఎడమ మణికట్టుని గుడ్డ పేలికతో స్టూలు కాలికి కట్టేశాడు తండ్రి. పని నేర్పడం మొదలెట్టిన దగ్గర్నుంచీ రోజూ ఇదే తంతు. ఆ కొట్లో బట్టలకి కొలతలుంటాయి గానీ, ఆయన నోటికి మాత్రం ఉండవు.

అప్పుడే ఒక ముసలాయన లోపలికి వచ్చాడు. తెల్లగడ్డం సగం మొహాన్ని కప్పేసింది. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. ఎడమచెయ్యి చాచి ఒక గుడ్డసంచి అందించబోయాడు.

"ఇది... నీకిద్దామని వచ్చాను, బాబూ." మాట ముద్దముద్దగా ఉంది.

చొక్కా గుడ్డ కాబోలు అనుకున్నాడు దర్జీ. చాచిన ఆ చెయ్యి చూడగానే చిర్రెత్తుకొచ్చింది.

"ఇచ్చేదేదో కుడిచేత్తో ఇవ్వండి. ఇంత వయసొచ్చింది, నేను చెప్పాలా?"

ముసలాయన జేబులోంచి చెయ్యి తియ్యలేదు. సంచి బల్లమీద పెట్టాడు.

'ఎంత పొగరు!' పళ్ళు నూరాడు దర్జీ.

ముసలాయన చూపు స్టూలు కాలి దగ్గర ఆగిపోయింది.

"ఆ పిల్ల చెయ్యి ఎందుకు కట్టేశావు?"

"పుర్రచెయ్యి. మాన్పిస్తున్నా."

"విప్పు."

"ఏంటీ?"

"విప్పు నాయనా. దాని వాటం దానిది. వేళ్ళు చూడు, ఎలా కమిలిపోయాయో."

దర్జీ ఎకసెక్కంగా నవ్వాడు.

"నాదీ పుర్రచెయ్యే. మా రూళ్ళకర్ర మాస్టారి చేతిలో పడ్డాను కాబట్టి బాగుపడ్డాను. చివర ఇత్తడి పొన్ను తొడిగిన నల్ల రూళ్ళకర్ర ఆయనది. ఎడమచేత్తో బలపం పట్టుకుంటే చాలు, కణుపులు చిట్లేవి. దేవుడాయన! ఆయన చలవే ఈ కొట్టు."

ముసలాయన తల వంచుకున్నాడు.

"ఇంటికెళ్ళి ఏడ్చేవాడివా?"

"ఏడిస్తే ఏడ్చాను. మనిషినయ్యానా లేదా?"

"ఆయన చేసింది తప్పు, బాబూ. రాని చేత్తో ఒక్క అక్షరం రాయడం ఎంత నరకమో నాకీ మధ్యే తెలిసొచ్చింది. నీ చెయ్యి మంచిదే. ఆ మాస్టారికే బుద్ధి లేదు."

అంతే, దర్జీ ఒంటికాలిమీద లేచాడు.

"ఎవర్ని పట్టుకుని ఏమంటున్నావు? ముక్కూ మొహం తెలియనివాడివి, నా కొట్టుకొచ్చి నా గురువునే తిడతావా? ఆయనే ఇక్కడుంటే నీ పళ్ళు రాలగొట్టేవారు. నడువు!"

"ఒక్క మాట విను..."

"నడవమన్నానా!"

దర్జీ ఒక్క తోపు తోశాడు. ముసలాయన గుమ్మం దాటి, తూలి, గోడకి ఆనుకున్నాడు. తనని తోసిన చేతి వంకే చూస్తూ ఉండిపోయాడు. అది ఎడమచెయ్యి.

"అది చావలేదన్నమాట," అన్నాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి, పెదవులమీద నవ్వుంది. "బతికించావు, నాయనా."

"పిచ్చిముండావాడు!" దర్జీ లోపలికొచ్చి బల్లమీద ఒక్క గుద్దు గుద్దాడు.

రోడ్డుకి అవతల బస్సు ఆగింది. ముసలాయన ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని, కండక్టరు జబ్బ పట్టుకుని లాగితే ఎక్కాడు. బస్సు మలుపు తిరిగిపోయింది.

"నాన్నా," పిల్ల భయపడుతూనే నోరు విప్పింది. "ఆ తాతగారి కుడిచెయ్యి పడిపోయింది."

"నీకెవరు చెప్పారే?"

"నువ్వు తోసినప్పుడు జేబులోంచి జారి వేలాడింది. ఎడమచేత్తో పట్టుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్నారు."

దర్జీ బస్సు పోయిన మలుపు వంక చూశాడు. మనసులో ఎక్కడో కలుక్కుమంది.

"ఆ ముక్క చెప్పి ఏడవచ్చుగా," అని గొణిగాడు. "పోనీలే, గుడ్డ ఇక్కడే వదిలేశాడుగా. చొక్కా కుట్టి ఉంచుదాం. వస్తే తీసుకుంటాడు."

సంచి అందుకుని బల్లమీద బోర్లించాడు.

గుడ్డ కాదు, ఇత్తడి పొన్నున్న నల్ల రూళ్ళకర్ర పడింది, నడిమికి విరిచిన రెండు ముక్కలుగా.