అరగని తుంటి

డాక్టరు రెండు ఎక్స్‌రేలను పక్కపక్కన పెట్టి లైటు వేశాడు.

కండక్టరమ్మ తనదాన్ని చూడలేదు. చూసేదేముంది? కృత్రిమ కీలును ఎముకకు అతికించిన సిమెంటు చుట్టూ నల్లటి గీత. తుంటి మళ్ళీ వదులైంది. మూడోసారి ఆపరేషను తప్పదు.

రెండోది మొదటి ఆపరేషనప్పుడు పక్క మంచం మీదున్న పిల్లది. ఇరవై ఏడేళ్ళ కిందటి సిమెంటు నిన్న వేసినట్టుంది.

చిన్న వయసులో తుంటి మార్పించుకున్నవాళ్ళు ఇప్పుడెలా ఉన్నారో చూడాలని ఈ కుర్ర డాక్టరు అందర్నీ పిలిపిస్తున్నాడు. ఆవిణ్ణి తానింకా చూడలేదట, ముందుగా ఫిల్ము మాత్రం చేరిందట. ఇంత బాగా నిలిచింది మరొకటి లేదని మురిసిపోయాడు.

కండక్టరమ్మకు ఒళ్ళు మండింది.

అప్పుడు ఇద్దరికీ ఇరవై మూడేళ్ళు. ఇద్దరి తుంటినీ కీళ్ళవాతమే తినేసింది. అదే రోజు, అదే డాక్టరు, అదే సిమెంటు. పదో రోజుకల్లా ఆ పిల్ల కర్ర వదిలేసి వార్డంతా చక్కర్లు కొట్టింది. తను మంచం పట్టుకుని చూస్తూ నిలబడింది. తర్వాత తనది పదకొండేళ్ళకే వదులైంది. ఆమెది మాత్రం రాయిలా ఉంది.

చంక కర్రలు టకటకలాడించుకుంటూ బయటికొచ్చింది. కిటికీ పక్క కుర్చీలో ఆమే. జుట్టు నెరిసినా గుర్తుపట్టింది. నలగని చీర. కాళ్ళకు కొత్తగా మెరిసే చెప్పులు.

"అక్కా, నువ్వేనా!" అంటూ ఆమె చెయ్యి పట్టుకుంది. ఏం ఉద్యోగం చేశావని అడిగింది. బస్సులోనే అని తెలిశాక వదల్లేదు. నిలబడేనా? రోజుకెన్నిసార్లు ఎక్కి దిగేదానివి? పరిగెత్తి ఎక్కిన రోజులున్నాయా?

అడుగుతున్నంతసేపూ ఆమె చూపు కండక్టరమ్మ కాళ్ళ మీదే ఉంది. వెక్కిరిస్తోందనుకుంది కండక్టరమ్మ. డ్యూటీలు, ముగ్గురు పిల్లలు, మూడో అంతస్తు ఇల్లు, అన్నీ ముక్తసరిగా చెప్పి ఊరుకుంది.

"నీదే నయం," అంది చివరికి. "మీవాళ్ళు నిన్ను కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకున్నట్టున్నారు."

ఆమె నవ్వింది. "అవునక్కా. తమ్ముడు బాగా చూసుకుంటాడు."

లోపల్నించి ఆమె పేరు పిలిచారు. ఆమె కదల్లేదు. రెండోసారీ పిలిచారు.

"నిన్నే. వెళ్ళు మరి," అంది కండక్టరమ్మ, గొంతులో కారం దాచుకోకుండా. "నీకేం, కర్రలా కట్టెలా. చకచకా నడిచిపోతావు."

ఆమె చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ గుమ్మం వైపు చూసింది.

"తమ్ముడు చక్రాల కుర్చీ తేవడానికెళ్ళాడక్కా, ఆపరేషనైన ఆర్నెల్లకే మెట్ల మీంచి పడి వెన్ను విరిగింది, ఆ తర్వాత నేను ఒక్క అడుగూ వెయ్యలేదు."