అయిదు సెకన్ల ఖాళీ

"ఈ అయిదు సెకన్లూ కోసేద్దాం మేడమ్," అన్నాడు రికార్డింగ్ ఇంజనీరు అద్దం అవతలి నుంచి. వినేవాళ్ళు పాట అయిపోయిందనుకుని వేరే పాట పెట్టేసుకుంటారని అతని భయం.

గిటారిస్టు వద్దంది. ఆ ఖాళీ తన సొంతం కాదనీ, దాన్ని కోసే హక్కు తనకి లేదనీ చెప్పింది.

ఆ మాట నిజమే. ఆవిడకి ఎనిమిదేళ్ళప్పుడు బడి వార్షికోత్సవంలో పెద్ద తరగతి కుర్రాడెవరో గిటారు వాయించాడు. హాల్లో కాలు పెట్టే చోటు లేక నాన్న ఆవిణ్ణి వరండాలో, స్పీకరు పక్కన బెంచీ ఎక్కించాడు. మనిషి కనబడలేదు, పాటే వినబడింది. మెల్లగా మొదలై, పరుగందుకుని, సరిగ్గా పైకెక్కే చోట ఆగిపోయింది. ఆ పిల్ల ఊపిరి బిగబట్టింది. మళ్ళీ వినబడేసరికి పాట ఎక్కడో కిందకి, ఇంకో దారిలోకి దిగిపోయి ఉంది. అక్కడికెలా వెళ్ళింది? ఇల్లు చేరేదాకా నాన్నని అదే అడిగింది. ఆయనకేం తెలుసు? పోరు పడలేక ఆ ఏడు పుట్టినరోజుకి ఒక పాత గిటారు కొనిపెట్టాడు.

వేళ్ళు కాయలు కాచాయి. పెళ్ళిళ్ళలో వాయించింది, హోటళ్ళలో వాయించింది, చివరికి తన పేరు మీద టిక్కెట్లు అమ్ముడయ్యే రోజూ వచ్చింది. ప్రతి కచేరీలో ఆఖరున ఆ పాటే, గుర్తున్నంత మేరకి. పైకెక్కే చోట తీగల మీద అరచెయ్యి ఆనించి ఆపేసేది. హాలంతా ఆవిడతో పాటు ఆగేది. ఒకసారి ఒక నర్సు వెతుక్కుంటూ వచ్చి, చనిపోయిన తన తల్లి ఆ కాసేపట్లో పిలిచినట్టనిపించిందని చెప్పి వెళ్ళింది.

తర్వాత పాఠాలు మొదలుపెట్టింది. శిష్యులకి వాయించడం తేలిగ్గానే వచ్చేది, ఆగడమే వచ్చేది కాదు. ఒక బ్యాంకు గుమస్తా అయితే మూడు లెక్కపెట్టేలోపే కంగారుపడి తీగ మీటేసేవాడు. ఆగడం నేర్చుకుంటే సగం సంగీతం వచ్చినట్టేనని ఆవిడ అతనికి నచ్చజెప్పేది. అతను ఏడాదికి గానీ నేర్చుకోలేదు.

ఇప్పుడు ఆ పాట మొదటిసారి రికార్డవుతోంది. మొదట వాయించిన మనిషిని ఒక్కమాట అడక్కుండా బయటికి వదలడానికి ఆవిడకి మనసొప్పలేదు. బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన మాస్టారుకి ఆ కుర్రాడు గుర్తున్నాడు. బస్టాండు వెనక తాళంచెవులు చేస్తుంటాడని ఆయనే చెప్పాడు.

దుకాణం గట్టిగా నాలుగడుగులుంటుంది. గోడనిండా మేకులకి వేలాడే తాళంచెవులు. ఆకురాయి పట్టుకున్న మనిషికి జుట్టు నెరిసింది. ఆవిడ తన సంగతి చెప్పి, అనుమతి కోసం వచ్చానంది. గిటారు ముట్టుకుని ముప్ఫై ఏళ్ళయిందని అతను మొహమాటంగా నవ్వాడు. ఆవిడ ఫోన్లో పాట పెట్టింది.

అతను కళ్ళు మూసుకున్నాడు. ఇనప రజను అంటిన వేళ్ళు మోకాలి మీద పాటతో పాటు కదలసాగాయి. పాట ఆగింది. వేళ్ళు ఆగలేదు. పైకెక్కి, మెలికలు తిరిగి, గబగబా కిందకి దిగాయి. సరిగ్గా పాట మళ్ళీ మొదలయ్యే చోట దాన్ని కలుసుకున్నాయి. ఆవిడ కళ్ళప్పగించి చూసింది.

పాట అయిపోయాక, తాను ఏనాడో మరిచిపోయిన పాటని ఇంత పదిలంగా దాచినందుకు అతను చేతులు జోడించాడు. అనుమతేమిటమ్మా, అంతా మీదే అన్నాడు.

"ఒక్కటి చెప్పండి గురువుగారూ," అంది ఆవిడ. "ఈ ఒక్క ప్రశ్న పట్టుకునే ఇంత దూరం వచ్చాను. అంత చిన్న వయసులో అక్కడ ఆపాలని మీకెలా తోచింది?"

అతను ఆ రోజు ఆవిడ ఎక్కడ కూర్చుని విందో అడిగాడు. వరండాలో, స్పీకరు పక్కన అని చెప్పింది.

అతను కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నాడు.

"నేను ఆపలేదమ్మా, ఆ స్పీకరు వైరు కాసేపు ఊడిపోయింది."