బయటి డిస్క్

"ఈ పాత డబ్బా కోసం ఎందుకింత తాపత్రయం, వదినా?" గుమ్మంలోనే నిలబడి అడిగాడు మరిది.

"డబ్బా కోసం కాదు. అందులో ఉన్నదాని కోసం." వదిన కుర్చీలోంచి లేవలేదు. అతన్ని కూర్చోమనీ అనలేదు.

హాల్లో బల్ల మీద కంప్యూటర్ ఉంది. మెకానిక్ దాని వెనక నడుం వంచి, అరచేతిలో పట్టేంత డిస్కును తీగతో తగిలిస్తున్నాడు.

"అయిపోయిందమ్మా," అన్నాడు. "లోపలి హార్డ్ డిస్క్ కొన ఊపిరితో ఉండగానే నిన్న అంతా దీన్లోకి లాగేశాను. అదిక తిరగదు. తీసి కొత్తది వేద్దామంటే ఈ మోడల్లో ముందు తెర ఊడదీయాలి, దాని అద్దం పగులుతుంది. అందుకే బయటిదాంతోనే నడిచేట్టు పెట్టాను. తీగ మాత్రం కదపకండి. దీని ప్రాణమంతా ఇప్పుడు బయటే ఉంది."

"మెట్ల కెమెరా వీడియోలు కూడా?"

"అన్నీ ఇందులోనే. ఇళ్ళలో వీడియోలు మేం తెరిచి చూడం గానీ, ఇంకో కాపీ పెట్టుకోండని నిన్నటి నుంచీ మొత్తుకుంటున్నా."

"ఎందుకు? బాగుచేయించి ఉంచమన్న ఇన్‌స్పెక్టర్ రేపొచ్చి ఆయనే పట్టుకెళ్తాడు." ఆ మాట మరిది మొహంలోకి చూస్తూ అంది.

మరిది విసురుగా లోపలికొచ్చాడు. "ఏముంది అందులో?"

"ఏముంటుంది? తాగొచ్చి మీ అన్న కాలర్ పట్టుకున్నావు. మెట్ల మీద నెట్టావు. పడ్డ మనిషి ఏమయ్యాడో వెనక్కి తిరిగైనా చూడకుండా పోయావు."

"నువ్వు చూశావా?"

"నిన్ననే చూశాను. తెర మీద."

"వదినవని ఊరుకుంటున్నా. నోరు అదుపులో పెట్టుకో!"

"అన్నను మింగి ఇప్పుడు వరసలు కలుపుతున్నావా?"

మెకానిక్ ఇబ్బందిగా సామాన్లు సర్దుకోబోయాడు.

"మీరుండండి," అంది వదిన. "టీ తాగి వెళ్దురుగాని."

మరిది నుదురంతా చెమట. "అది నాకిచ్చెయ్."

"ఇవ్వను. రేపు నీకు బేడీలు వేయించేది అదే."

అతను ఒక్క ఉదుటున బల్ల వైపు దూకి డిస్కును లాగాడు. తీగ పుటుక్కున ఊడింది. తెర నల్లబడింది. "సార్, సార్!" అంటూ అడ్డొచ్చిన మెకానిక్‌ని మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు. డిస్కును నేలకేసి కొట్టాడు. మడమతో తొక్కాడు. కసి తీరలేదు. మెకానిక్ సంచిలోంచి సుత్తి లాగి, డిస్కు లోపలి అద్దపు పళ్ళెం పొడై గచ్చంతా మెరిసేదాకా బాదాడు.

"పిలువు నీ ఇన్‌స్పెక్టర్ని!" రొప్పుతూ అరిచాడు. "ఈ పొడి ఎత్తి పొట్లం కట్టివ్వు!"

సుత్తి విసిరేసి వెళ్ళిపోయాడు.

వదిన కళ్ళొత్తుకుంది. "చూశారుగా, మెకానిక్ గారూ. ఇన్‌స్పెక్టర్‌కి మీరే చెప్పాలి."

"చెప్తానమ్మా. ఎక్కడైనా చెప్తాను." మెకానిక్ పక్కటెముకలు రుద్దుకున్నాడు. "ఏ తప్పూ చేయనివాడికి ఇంత భయమెందుకు?"

ఆ పొడైపోయిన వీడియోలో, మరిది గేటు దాటి వెళ్ళిపోయాక అన్న మెట్ల మీంచి లేచాడు, చొక్కా దులుపుకుని నిలబడ్డాడు, అప్పుడు వెనక నుంచి అతన్ని కిందికి తోసిన రెండు చేతులూ వదినవి.