మల్లయ్యకు పిలుపు

“మైకు ఆపు బిడ్డా!”

పొగమంచులోంచి ఒక చేతికర్ర వచ్చి మున్సిపాలిటీ ఆటోకు అడ్డంగా నిలిచింది. దాని వెనక మెల్లగా ఒక ముసలమ్మ తేలింది. నర్సింగ్ బ్రేకు తొక్కి మైకు కట్టేశాడు. వెనక సీట్లో మైకు పట్టుకుని చదువుతున్న వార్డు ఆఫీసర్ నిషిత సగం మాట దగ్గర ఆగిపోయింది.

“జెర పక్కకు జరుగు అవ్వా. ఇంక నాలుగు గల్లీలున్నయి మాకు,” అన్నాడు నర్సింగ్.

“నా పేరు ఆగమ్మ. గీ ఇల్లు నాదే. మీరు ఊరి సంగతులు చెప్పెటోళ్లే గద? నాది గూడ ఒకటి చెప్పుండ్రి.”

నిషిత చేతిలో కాగితం ఉంది. ఆదివారం కంటి పరీక్షల క్యాంపు, ఎల్లుండి నల్లా నీళ్లు బంద్, బుధవారం చెరువు గట్టు మీద మొక్కలు నాటే కార్యక్రమం. వారం వారం చదివే మాటలే. కానీ ఆ పొద్దున కర్దనూర్ మంచులో ఆమెకే వింతగా వినిపిస్తున్నాయి. ఇళ్లు సరిగా కనిపించడం లేదు. ఫ్యాక్టరీ పొగగొట్టాలైతే అసలే కనిపించడం లేదు. తన గొంతు తనకంటే ముందు నడిచి వెళ్లి, ఎవరి వాకిట్లోనో కాసేపు కూర్చుని వస్తున్నట్టుగా ఉంది.

“ఏం చెప్పాలె అవ్వా?”

“మల్లయ్యను ఇంటికి రమ్మని చెప్పు. అన్నం వండిన అని చెప్పు.”

“మల్లయ్య ఎవరు?”

“నా పెనిమిటి.” ముసలమ్మ కర్రను రెండు చేతులా పట్టుకుంది. “పదకొండేండ్లాయె బిడ్డా, నా ఇంట్ల అడుగువెట్టక. రాత్రి కలలకొచ్చిండు. చెరువుల నడుముల్దాక నీళ్లల్ల నిలవడ్డడు. గిట్లనే మంచు. ‘ఆకలైతుందే’ అన్నడు. గంతే, ఇగ మెలకువొచ్చింది. లేచి పొయ్యి ముట్టిచ్చిన.”

నల్లా దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నర్సింగ్ వెనక్కి వంగి గుసగుసగా అన్నాడు. “వద్దు మేడం. మనం చెప్పేదంతా రికార్డు జేసి కమిషనర్ సార్ గ్రూపుల పెట్టాలె. కాగితం మీద లేని మాట చెప్పిండని పోయిన నెల పక్క వార్డు సార్‌కు మెమో ఇచ్చిండ్రు. మీ నౌకరి ఇంకా పర్మినెంటు గూడ గాలే.”

నిజమే. ఇంకా రెండు నెలలుంది.

“అవ్వా, ఇది సర్కారు మైకు. సొంత మాటలు చెప్పరాదు,” అంది నిషిత, వీలైనంత మెత్తగా.

“గట్లనా.” ఆగమ్మ కోపం తెచ్చుకోలేదు. “మునుపు డప్పు కొట్టి చాటెటోడు బర్రె తప్పిపోయినా చెప్తుండె, పిల్ల పుట్టినా చెప్తుండె. సరే తియ్యి. ఎల్లుండి నీళ్లు రావంటివి, అది యాద్ పెట్టుకుంట.”

కర్ర తీసి పక్కకు జరిగింది. అప్పుడు చూసింది నిషిత. ముసలమ్మ మడత నలగని చీర కట్టుకుంది. తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుంది. వాకిట్లో అప్పుడే వేసిన ముగ్గు ఇంకా తడిగా ఉంది.

ఫోన్‌లో రికార్డింగ్ ఆపుదామా అనుకుంది నిషిత. ఆపలేదు. ఇది కూడా ఊరి సంగతే కదా అనిపించింది.

“మైకు ఆన్ చెయ్యి నర్సింగ్.”

“మేడం...”

“చెయ్యి.”

“కర్దనూర్ ప్రజలకు మున్సిపాలిటీ తెలియజేయునది ఏమనగా...” అక్కడ ఆగి ఊపిరి పీల్చుకుంది. “మల్లయ్య గారూ, మీరు ఎక్కడున్నా ఇంటికి రండి. ఆగమ్మ అన్నం వండింది. మీ కోసం చూస్తోంది.”

మాట మంచులోకి జారి, గల్లీ మలుపు తిరిగి, చెరువు మీదికి వెళ్లి కరిగిపోయింది. నల్లా కింద బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ కదలలేదు. ఆగమ్మ కళ్లు మూసుకుని వింది. నడుము లోతు నీళ్లలోంచి ఒక మనిషి నడిచి వస్తాడేమోనని నిషిత చెరువు వైపే చూస్తూ ఉండిపోయింది. తెల్లటి మంచు తప్ప అటు ఏమీ లేదు. ఆమె కళ్లు తుడుచుకుంది.

ఇంతలో ఆగమ్మ ఇంట్లోనే, ఆ ఇంటిని పదకొండేళ్ల కిందట రెండుగా చీల్చిన గోడకు అవతల, రెండో తలుపు కిర్రుమంది. ఒక ముసలాయన భుజాన తువ్వాల సర్దుకుంటూ బయటికి వచ్చాడు.

“ఊరంత వినవడేటట్టు మైకెందుకే ఆగీ? గోడ మీద ఒక్క దెబ్బ కొడితె రాకపోదునా!”