చుక్కలపెట్ట నేర్పిన మర్యాద

"గుమ్మడీ! ఒరేయ్ గుమ్మడీ! ఎలుకలు పట్టే పిల్లి కావాలని వడ్లమిల్లు వాళ్ల ఆవు నిన్ను చూడ్డానికి వచ్చిందిరా!" అని బాతు కేకేసింది.

ఆ కేక విని, కోడి చుక్కలపెట్ట గింజలు ఏరడం ఆపేసింది. వానలో ఎవరో వదిలేసి పోయిన మూడు పిల్లికూనల్ని తన రెక్కల కిందే పెంచింది. ఇద్దరికి ఇళ్లు కుదిరాయి. ఇక మిగిలింది పొద్దుటెండ ముక్కలాంటి ఈ గుమ్మడొక్కడే.

గుమ్మడి పరుగున వచ్చి, కాలితో నేల గీరి, "కొక్కొక్కో" అన్నాడు.

"ఇదేం పిల్లి తల్లీ! మా మిల్లులో ఎలుక కనబడితే గుడ్డు పెడతాడా?" అని నవ్వుతూ ఆవు వెనుదిరిగింది.

గుమ్మడి తోక వాలిపోయింది. "అమ్మా, నేనెవరికీ నచ్చనా?"

పెట్ట ఇక ఉండలేకపోయింది.

"ఆగు వదినా! వాడికి మ్యావ్ అనడం బ్రహ్మాండంగా వచ్చు. ఎవరొచ్చినా ఇలా కొక్కొక్కో అని పలకరించడమే మర్యాదని నేనే నేర్పాను, ఎవరూ తీసుకుపోకుండా నా దగ్గరే ఉంటాడని!"