దిర్హం ఏడు రూపాయలున్ననాడు

“ఇవాళ దిర్హం ఎంతున్నది బాబూ?” కౌసల్యమ్మ అడిగింది.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దగ్గర, రెండు చీరల దుకాణాల నడుమ ఇరుకుగా ఉన్న కొట్టు అది. విదేశీ నోట్లు మారుస్తారు. కౌంటర్ వెనక కూర్చున్న ప్రసన్నకుమార్ కంప్యూటర్ వైపు తిరిగేలోగా, ఆమె పక్కనున్న భర్త జానయ్య జవాబు చెప్పేశాడు.

“ఇరవై నాలుగు దాటింది. పొద్దుగాలనే చూసిన.”

ప్రసన్నకుమార్ నవ్వాడు. “నిజమేనండి. రోజూ చూస్తుంటారా?”

“ఛాయ్ లేకున్న ఉంటడు గని, ధర చూడకుంటె ఉండడు,” అన్నది కౌసల్యమ్మ.

ఆ అలవాటు ఈనాటిది కాదు. నల్లగొండ పల్లె వదిలి ఎల్బీనగర్‌లో కిరాయి గదికి వచ్చిన కొత్తలో, సౌజన్య ఇంకా పాలు తాగే పిల్లగా ఉన్నప్పుడు, దుబాయ్ పోతున్నానని చెప్పి జానయ్య బొంబాయి రైలెక్కాడు. అప్పుడు అక్కడి దిర్హం మన ఏడు రూపాయలు.

ఆదివారం పూట మూలమీది కిరాణా కొట్టుకు ఫోన్ వచ్చేది. కౌసల్యమ్మ చంకలో పిల్లతో పరుగెత్తేది. బాగున్నావా అని అడగడానికి ముందే ఆయన ధర చెప్పేవాడు. జీతం బొంబాయి ఏజెంటు చేతికి వస్తుందని, అతను రూపాయలు చేసి మనియార్డర్ వేస్తాడని, ధర పెరిగితే నాలుగు పైసలు ఎక్కువొస్తాయని వివరించేవాడు. ధర పెరిగిన వారం ఆయన గొంతులో హుషారు ఉండేది. ఆ హుషారు కోసమే ఆమె కూడా ధర పెరగాలని కర్మన్‌ఘాట్ హనుమంతుడికి మొక్కేది.

అందరూ సంవత్సరాలతో గుర్తుపెట్టుకునేవి, ఆమె దిర్హంతో గుర్తుపెట్టుకుంది. పదకొండున్నప్పుడు మన్సూరాబాద్‌లో జాగా కొన్నారు. పదమూడున్నప్పుడు స్లాబ్ పడింది. మళ్లీ పదకొండు కిందికి జారిన ఏడాది సౌజన్య ఇంటర్‌లో చేరింది. “ధర పడ్డది కౌసల్యా,” అన్నాడాయన ఫోన్లో, తప్పు తనదే అయినట్టు. కానీ ఆ నెల మనియార్డర్ ఒక్క రూపాయి కూడా తగ్గలేదు.

“ఎట్ల పంపినవయ్యా?” అని అడిగింది.

“ఓవర్‌టైం చేసిన.”

పోస్టుమన్ వెళ్లిపోయాక ఆ డబ్బు ఒళ్లో పెట్టుకుని ఆమె చాలాసేపు గడపలోనే కూర్చుంది.

సెలవుకు వచ్చినప్పుడల్లా ఆయన దుబాయ్ కబుర్లు చెప్పేవాడు. సముద్రం పక్కన గాజు మేడలు, సందుల నిండా బంగారం కొట్లు, పడవలో అవతలి ఒడ్డుకు దాటడం. సౌజన్య నోరు తెరుచుకుని వినేది. ఇప్పుడు మీర్‌పేట్‌లో ఆమె పిల్లలు అలాగే వింటున్నారు. కుట్టుమిషన్ ముందు కూర్చుని కౌసల్యమ్మ కూడా వినేది. చెబుతున్నంతసేపూ ఆయన మొహంలో ఒక వెలుగు. ఇద్దరం కలిసి ఆ ఊరు ఒక్కసారి చూసి రావాలని ఆమెకు అప్పటినుంచే ఉంది. జాకెట్లు కుట్టిన పైసలతో కట్టిన చిట్టీ మొన్న చేతికొచ్చింది. ఎవరికీ చెప్పకుండా ఇద్దరికీ టూర్ కట్టేసింది.

ఆ మాట విన్న రోజు నుంచి జానయ్యకు అన్నం సహించడం లేదు.

ప్రసన్నకుమార్ పాస్‌పోర్టులు తిరగేశాడు. “మీరు అక్కడ చాలా ఏళ్లు చేశారన్నారు కదండీ. ఇది కొత్తగా ఉందే.”

“పాతది వానల్ల నాని పాడైంది,” కౌసల్యమ్మే అందుకుంది.

“ఎటువైపు ఉండేవారండి? మా బావ కూడా అక్కడే ఉంటాడు.”

జానయ్య గొంతు సవరించుకున్నాడు. “పని ఏడుంటే ఆడ.”

“జర చిన్న నోట్లు ఇయ్యి బాబూ,” అన్నది కౌసల్యమ్మ.

నోట్లు రాగానే ఆమె వాటిని భర్త చేతిలో పెట్టింది. ఆయన ఒక నోటు తీసి వెలుతురుకు పట్టుకున్నాడు. దాని మీది డేగ బొమ్మను బొటనవేలితో మెల్లగా తడిమాడు. తిప్పి వెనక చూశాడు, మళ్లీ ముందుకు తిప్పాడు. ఆమె తొందర పెట్టలేదు.

బయటికొచ్చి పక్క హోటల్లో ఛాయ్ చెప్పారు. రోడ్డు మీద కోచింగ్ పిల్లలు గుంపులుగా పోతున్నారు. జానయ్య కప్పు ముట్టలేదు.

“టికెట్లు వాపస్ చేస్తె ఎంతొస్తదో అడుగరాదే,” అన్నాడు.

“ఎందుకు?”

“ఆడ ఏమున్నదే, ఎండ తప్ప. నీకు మోకాళ్ల నొప్పులాయె.”

“నా మోకాళ్లకు నేను చెప్పుకుంట.”

“సౌజన్యను తోలుకపో. నేను ఇంటికాడ ఉంట.”

“నీతోటే చూడాలని కట్టిన. బిడ్డ తర్వాత పోతది.”

ఆయన తల వంచుకున్నాడు. ఛాయ్ మీద మీగడ కట్టింది. “కౌసల్యా, నీకొకటి చెప్పాలె,” అన్నాడు. కప్పు పక్కకు జరిపాడు. కానీ అది చెప్పకుండా ఇంకేదో అన్నాడు. “అంత మారిపోయి ఉంటది. నాకు తొవ్వలు గుర్తుంటయో లేవో. పిల్లలు ఫోన్ జేసి గది చూపియ్యి, గిది చూపియ్యి అని అడుగుతరు. తప్పిపోతె ఎట్ల?”

బల్ల మీదున్న ఆయన చేతిని ఆమె తన చేతిలోకి తీసుకుంది. సిమెంటు తిని గరుకెక్కిన చెయ్యి. ఇల్లు కట్టిన చెయ్యి, బిడ్డను చదివించిన చెయ్యి.

“తప్పిపోతె ఇద్దరం కల్సే తప్పిపోతం. నువ్వు పిల్లలకు చెప్పినయన్ని ఒక్కొక్కటి వెతుక్కుంట చూద్దాం,” అన్నది. తర్వాత, పక్క బల్ల వాళ్లకు వినపడకుండా, మెల్లగా అన్నది:

“బొంబాయి దాటుడు నీకు గూడ మొదటిసారే గదా.”