కంటి ముందు పిల్లలు

పెరటి కొలనులో ఎర్రచేపకు పన్నెండుమంది పిల్లలు. నీళ్లను కప్పేసిన అంతరతామర ఆకుల కింద వాళ్లు రోజంతా ఆడుకునేవారు. ఎవరెక్కడున్నారో తెలియక తల్లికి మనసు నిలిచేది కాదు. అందుకని తాబేలును బతిమాలింది.

"అన్నయ్యా, ఈ చెత్తంతా తినేసి పుణ్యం కట్టుకో."

"వద్దొదినా! అది చెత్త కాదు, మన ఇంటికప్పు," అంది కప్ప.

"గుడ్లు పెట్టేసి గట్టెక్కి కూర్చునేదానివి, పిల్లల బెంగ నీకేం తెలుస్తుందే?"

మూడు రోజుల్లో తాబేలు ఒక్క ఆకు మిగల్చలేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. పన్నెండుమందీ ఒకేసారి కంటబడేసరికి ఎర్రచేప మురిసిపోయింది.

"ఇక నా పిల్లలు ఏ మూలనున్నా కనిపిస్తారు!"

"నాకూ బాగా కనిపిస్తున్నారమ్మా," అంది అప్పుడే గోడ మీద వాలిన లకుముకి పిట్ట.